తెడ్డు పాట ఎంతసేపు

రంగుల షెడ్డు
జనవరి 6

ఒరేయ్ బుడ్డోడా,

నువ్వు క్షేమంగానే ఉన్నావనుకుంటున్నాను. వెళ్లిన రెండు నెలల్లో రెండు ఉత్తరాలు రాశావు, అందులో ఒకటి మొదటి నుంచి చివరి దాకా మీ క్యాంటీను టీ గురించే. ఫోను నిషేధించిన చోట ఉద్యోగం చేసేవాడు ఉత్తరమైనా ఒళ్లు వంచి రాయాలి. సరే, ఆ తిట్లు తర్వాత. ఇప్పుడు నీతో పనిపడింది.

మొన్న నాటకశాల మేనేజరు మన ఇంటికొచ్చాడు. అక్కడి పెద్ద తెర గుర్తుంది కదా, నలభై ఒక్క ఏళ్ల కిందట అత్త నీలం వేసి, ఆరు పొడుగు ముక్కలు పక్కపక్కన కుట్టించి ఇచ్చింది. అందులో కుడి నుంచి రెండో ముక్క దీపం సెగకి కమిలిపోయింది. మిగతా అయిదింటితో కలిసేలా ఆ ఒక్క ముక్కా చేసిస్తే తెర అలాగే ఉంచుతామన్నాడు. కలవకపోతే మొత్తం దింపేసి ఫ్యాక్టరీ మఖమలు వేలాడదీస్తారట. ఏప్రిల్ ఒకటిన నాటకశాల మళ్లీ తెరుస్తున్నారు. మార్చి ఆఖరుకల్లా ఏదో ఒకటి తేలిపోవాలి.

అత్త చేతి పనిలో ఇంకా నలుగురి కళ్లెదుట ఉన్నది ఆ తెర ఒక్కటే. దుప్పట్లు చిరిగిపోయాయి, గుడ్డలు మసిబట్టలయ్యాయి. దాన్ని దింపేస్తే అత్త నాతో ఏమీ అనదు. అదే నాకు భయం.

అప్పటి తానులో మిగిలిన బట్ట అత్త పెట్టెలో సరిగ్గా రెండు ముక్కలకి ఉంది. అంటే నాకు రెండే అవకాశాలు. అప్పట్లో నీలిమందు తొట్టిలో ఎనిమిది ముంచులు వేసింది. ఇన్నేళ్లలో ఒక ముంచు పాటి రంగు వెలిసి ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఏడు చాలని అత్త లెక్క. ముంచుకి తెడ్డు పాట, ఆ పడవవాళ్ల పాట, రెండుసార్లు పాడేంతసేపు. అంతవరకూ నీకూ తెలిసిందే.

చిక్కంతా పాట దగ్గరే వచ్చింది. మన షెడ్డులో గడియారం లేదు. బానల ఆవిరికి రెండు గడియారాలు తుప్పు పట్టాక అత్త మూడోది తేనివ్వలేదు, రెండు చేతులూ తొట్టిలో ఉంటే గడియారం ఎవరు చూస్తారంది. పాట పాడుతూ, దాని తాళానికి నీలిమందు నీళ్ల కింద మడతలు విప్పుకుంటూ పోవడం, పాట అయితే తీసేయడం. అత్తకి ఇప్పుడు జలుబు చేసి గొంతు బాగాలేదు. నేను పాడితే ఒక చరణం పరుగు, ఒక చరణం నడక. అందుకని నువ్వు వెళ్లేముందు నా ఫోనులో పెట్టిన పాటల యాప్‌లని నమ్ముకున్నాను.

ముందు ఆ గొడుగు బొమ్మ ఉన్నది, ఉచితంగా వచ్చేది, తెరిచాను. తెడ్డు పాట అడిగితే 'మీకు నచ్చే పాటలు' అని ముందు ఆరు పాటలు పెట్టింది. నాకు నచ్చేవి దానికెవరు చెప్పారు? ఏడోదిగా మనది వచ్చింది. రెండో చరణంలో ఉండగా ఎవడో పరుపులు కొనమని అరిచాడు. చేతులు మోచేతి దాకా నీలంలో ఉన్నాయి, వాణ్ణి ఆపేదెవరు? పరుపు కథంతా విన్నాను. మిగతా రెండు యాప్‌లలో ఏది మేలో చెప్పు. కోటి పాటలున్నాయట వాటిలో. నాకు కావలసింది ఒక్కటి.

నీ అక్క

*

గిన్నె కింద
జనవరి 17

అక్కా,

నీ ఉత్తరం సరుకుల జీపులో బియ్యం బస్తాల మీద కూర్చుని వచ్చింది. రెండుసార్లు చదివాను. తిట్లు ఉన్న చోట మూడుసార్లు.

యాప్ సంగతి ముందు చెప్తాను. చేప బొమ్మ ఉన్నది వాడు. వెళ్లేముందే దానికి చందా కట్టేశాను, పరుపులవాడు రాడు. పాట పక్కన గుండ్రంగా తిరిగే బాణం గుర్తుంటుంది, అది నొక్కితే ఆ ఒక్క పాటే మళ్లీ మళ్లీ వస్తుంది. అన్నీ నీకు సుఖంగా ఉండేలా నేనే సర్ది పెట్టాను, నువ్వేమీ కదపక్కర్లేదు.

ఇక్కడి సంగతి ఎలా రాయాలో తెలియకే రాయలేదు, బద్ధకం కాదు. టీ గురించి రాయడం తేలిక. ఈ గిన్నె గురించి, అదే, ఈ రేడియో టెలిస్కోపు గురించి రాయడం కష్టం. ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. మన నాటకశాలని దింపి అందులో పెట్టినా పక్కన టీ కొట్టుకి చోటు మిగులుతుంది. నా పని దాని కింద ఉన్న చక్రాలకి గ్రీజు పూయడం. ఎంత మెల్లగా తిరుగుతుందంటే, చూస్తూ ఉంటే కదలదు. గ్రీజు డబ్బా తెచ్చుకుందామని వెళ్లొస్తే తిరిగి ఉంటుంది. ఇక్కడ ఎవరైనా మొబైలు ఆన్ చేస్తే దాని చెవిలో కేక వేసినట్టట. అందుకే చుట్టూ ఎన్నో కిలోమీటర్ల దాకా ఫోను లేదు. ఆఫీసులో తీగ ఫోను ఒకటుంది, దానికెప్పుడూ వరస.

మొన్న పొద్దున పదింటికి గడియారాల మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. ఆవిడ పని ఇక్కడి గడియారాన్ని కాపాడడం. లక్షల ఏళ్లకి ఒక్క సెకను తప్పుతుందట అది. తప్పిందని చెప్పడానికి ఎవరుంటారని అడిగితే నవ్వింది. గిన్నెలో పడినదాన్ని స్పీకరులో పెట్టి వినిపించింది. టక్, టక్, టక్. ఒక చచ్చిన నక్షత్రం గిర్రున తిరుగుతున్న చప్పుడట. అది అక్కడి నుంచి బయలుదేరినప్పటికి మనిషికి ఇల్లు కట్టుకోవడం రాదు. నా చేతిలో గ్రీజు గుడ్డ ఉంది. అక్కడే కూర్చుండిపోయాను అక్కా.

అత్తకి జలుబు ఇన్నాళ్లా? నువ్వు రాసేటప్పటికి ఎన్నాళ్లయిందో, ఇది చేరేటప్పటికి ఎన్నాళ్లవుతుందో. మిరియాల పాలు ఇస్తున్నావా? ఒక్కసారి పాడించు, ఆ పాట తాళం చాలు నీకు, తర్వాత నువ్వే అల్లుకుపోతావు. నేను అడిగానని చెప్పు.

తమ్ముడు

*

రంగుల షెడ్డు
జనవరి 29

బుడ్డోడా,

ఒక ముక్క పోయింది.

ముందే చెప్పేశాను, ఇక నింపాదిగా చదువు. నీ చేప యాప్ పెట్టుకునే మొదలుపెట్టాను. ఫోనుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మేకుకి తగిలించాను. బట్టని మడతలుగా చట్రానికి కొక్కేలు వేసి, గిలక తాడుతో తొట్టిలోకి దింపాను. పాట మొదలైంది. రెండు ముంచులు బాగానే అయినట్టున్నాయి, కానీ ఏదో తొందర. పాట అయిపోకముందే మళ్లీ మొదలవుతోంది. ఆఖరి చరణం ఇంకా గుమ్మంలో ఉండగానే మొదటి చరణం తోసుకుని లోపలికొస్తోంది. నా చేతులు ఏ చరణం వెంట పోవాలి?

మూడో ముంచుకి పాటే మారిపోయింది. గాయకుడు వాడే, పదాలు అవే, కానీ ఎవరో వెనక తరుముతున్నట్టు పాడుతున్నాడు. పని అయ్యాక చూస్తే 'కొత్తగా మెరుగుపరచినది' అని రాసి ఉంది. మెరుగుపరచమని ఎవరేడ్చారు? పాతది బూడిద రంగులో ఉంది, నొక్కితే 'ఈ పాట ప్రస్తుతం అందుబాటులో లేదు' అంటుంది. నిన్న ఉంది, ఇవాళ లేదు. ఎవరి అలమరాలోంచైనా పాట ఇలా మాయమవుతుందా? చందా కట్టి మనం కొనుక్కున్నది పాట కాదురా, దాన్ని విననిచ్చే దయ.

ఏడు ముంచులయ్యాక పైకి రంగు సరిపోయినట్టే కనిపించింది. ఉతికి ఆరేస్తే బయటపడింది. నూలు లోపలికి నీలం దిగలేదు. మడతలున్న చోటల్లా తెల్లమచ్చలు. కంగారుపడి ఇంకో రెండు ముంచులు వేశాను, మచ్చలు అలాగే ఉన్నాయి, మిగతాది నల్లబడింది. అత్త చేతి కింద పదేళ్లు పనిచేసినదాన్ని, కొత్తగా వచ్చినవాళ్లు కూడా చేయని తప్పు చేశాను. వెనక గదిలో చుట్టి పడేశాను. అత్తకి ఇంకా చూపించలేదు.

అత్త పాడదు. పాడించు పాడించు అని రాయకు.

అక్క

*

గిన్నె కింద
ఫిబ్రవరి 8

అక్కా,

నేరం నాది. నువ్వు తిట్టేలోపే నేను ఒప్పుకుంటాను.

ఒక పాట అయిపోకముందే ఇంకోటి లేచే ఏర్పాటు ఆ చేప యాప్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసింది నేనే. నేను లేకుండా షెడ్డులో ఒక్కదానివే పని చేసుకుంటావు, పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం వస్తే బాగుండదని పన్నెండు సెకన్లు పెట్టాను. ఎక్కువ పెడితే ఎక్కువ సుఖం అనుకున్నాను. ఒకటే పాట మళ్లీ మళ్లీ పెడితే అది తన మీద తానే ఎక్కుతుందని నాకు తట్టలేదు. పాట రెండుసార్లు అంటే ముంచుకి ఇరవై నాలుగు సెకన్లు, ఏడు ముంచులకి దాదాపు మూడు నిమిషాలు నేను మింగేశాను. నీ ఉత్తరం వచ్చిన రోజే నాకు అర్థమైంది. రాయడానికి మూడు రోజులు పట్టింది, సిగ్గుతో.

ఆ గడియారాల మేడమ్‌కి మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, కుర్చీ లాక్కుని కాగితం తీసింది. 'పాట నిడివి ఎంత?' అని అడిగింది. అదే నాకు తెలియదు. అసలు పాట నాలుగు నిమిషాల పది సెకన్లు అని నాకు గుర్తు. మెరుగుపరచినది ఎంతో నువ్వే చూసి చెప్పాలి. మూడో యాప్, నిచ్చెన బొమ్మది, దాంట్లో ఇంకేమున్నాయో. 'మీ అత్తగారు పాడితే ఎంతసేపో అదే అసలు కొలత, మిగతావన్నీ నకళ్లు' అంది మేడమ్. అంత గొప్ప గడియారం దగ్గర కూర్చున్న మనిషి మన అత్త పాటని కొలత అంది అక్కా.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, దాటేయకు. పోయిన ఆదివారం వరసలో నిలబడి తీగ ఫోనులో మాట్లాడాను కదా. అత్త నిద్రపోతోందన్నావు. అంతకుముందు ఆదివారమూ అంతే అన్నావు. రెండుసార్లూ పొద్దున పదకొండు గంటలు. అమ్మ పోయాక మనల్ని తెచ్చుకున్న రోజు నుంచి అత్త పగలు పడుకోగా నేను చూడలేదు. ఏమైంది?

తమ్ముడు

*

రంగుల షెడ్డు
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నువ్వు వెళ్లిన మూడో వారం అత్త గొంతులో గడ్డ ఉందని తెలిసింది. ఆపరేషన్ చేశారు. గడ్డ మొత్తం తీశారు, ప్రాణానికి ఏ భయమూ లేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. కానీ గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేయాల్సి వచ్చింది. అత్త ఇక మాట్లాడదు. పాడదు. ఒక పలక కొన్నాను, దాని మీద రాస్తుంది. మొదట రాసిన మాట, 'వాడికి చెప్పకు. కొత్త ఉద్యోగం. పరుగెత్తుకొస్తాడు.' అత్త మాట కాదనలేక నీకు అబద్ధాలు రాశాను. తిట్టాలనిపిస్తే నన్నే తిట్టు.

అప్పటి నుంచి షెడ్డులో కాలు పెట్టలేదు. వంట చేస్తుంది, నా బట్టలకి గుండీలు కుడుతుంది, కిటికీ దగ్గర కూర్చుంటుంది. షెడ్డు తలుపు వైపు మాత్రం చూడదు. ఎనిమిది, ఏడు అన్న లెక్క కూడా పలక మీద రాసిచ్చి లేచి వెళ్లిపోయింది. పాడైన ముక్క మొన్న చూపించక తప్పలేదు. వేళ్లతో తడిమింది. పలక అందుకోలేదు. నా తల మీద చెయ్యి వేసి లోపలికి పోయింది. ఆ చెయ్యి బదులు రెండు చెంపదెబ్బలు కొట్టి ఉంటే హాయిగా ఉండేది.

నువ్వడిగిన నిడివులు చెప్తాను. నిచ్చెన యాప్ తెరవగానే 'ఇప్పుడు మీ మూడ్ ఏమిటి' అని అడిగింది. సంతోషం, విరహం, వ్యాయామం, ప్రయాణం అని గడులున్నాయి. చేతులు తొట్టిలో ఉన్నాయి అనే గడి లేదు. వ్యాయామం నొక్కాను, అదే దగ్గరగా ఉంది. తెడ్డు పాటలు దాంట్లో మూడున్నాయి. పాతది నాలుగు నిమిషాల పది సెకన్లు. మెరుగుపరచినది మూడు నిమిషాల ఇరవై. ఏదో సభలో పాడినది అయిదున్నర, దాంట్లో సగం చప్పట్లు.

మూడింటితోనూ వేరే నూలు బట్ట పీలికల మీద వేసి చూశాను. చేతి గడియారం అరువు తెచ్చి దాంతోనూ చూశాను. సోమవారం పాత పాట నిడివి సరిగ్గా అతికింది. మేనేజరు నమూనాకిచ్చిన తెర పీలిక పక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంది. ఎగిరి గంతేశాను. గురువారం అదే పాట, అదే తొట్టి, అదే బట్ట, అవే సెకన్లు. తెల్లమచ్చలు. శనివారం సభ పాట అతికింది, చప్పట్లతో సహా. ఆదివారం అదే సభ పాటకి నల్లబడింది. ఏ యాప్ మంచిదని నిన్ను అడిగాను కదా, ఒక్కో రోజు ఒక్కోటి మంచిదవుతోంది. నాకు పిచ్చెక్కేలా ఉంది.

బట్ట ఒక్క ముక్కే మిగిలింది. రోజులు నలభై లేవు. మేనేజరు నిన్న వచ్చి మఖమలు నమూనాలు చూపించి, మీకూ నచ్చాయా అమ్మా అని మర్యాదగా అడిగాడు. బాగున్నాయని చెప్పాను. నిజంగానే బాగున్నాయి, అదీ బాధ.

నీ అక్క

*

గిన్నె కింద
మార్చి 1

అక్కా,

ముందు అత్త గురించి. ఏడ్చాను. తర్వాత నీ మీద కోపం వచ్చింది, తర్వాత అత్త మీద వచ్చింది, తర్వాత చక్రాల దగ్గరికి పోయి అవసరం లేని చోట కూడా గ్రీజు పూశాను. సెలవు అడిగాను, ఏప్రిల్లో ఇస్తామన్నారు. అత్తకి నేను తెలుసుకున్నానని చెప్పు. పరుగెత్తుకు రావడం లేదని కూడా చెప్పు, అప్పుడే తను నెమ్మదిస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదువు.

ఇక్కడ గిన్నెని ఎటైనా తిప్పేముందు ఒక పని చేస్తారు. దాని ఒంటి నిండా వేడి చూసే చిన్న చిన్న బిళ్లలు అతికించి ఉన్నాయి. పొద్దున చలికి ఇనుము ముడుచుకుంటుంది, మధ్యాహ్నం ఎండకి సాగుతుంది. తేడా వెంట్రుకవాసి, కానీ ఆ వెంట్రుకవాసికే నక్షత్రం తప్పిపోతుందట. అందుకని ఇనుముని అడిగి, అది చెప్పినదాన్ని బట్టి గురి సవరిస్తారు. నిన్న పొద్దున ఒక బిళ్ల ఊడిపోతే అతికించడానికి మేడమ్‌తో పాటు నేనూ పైకెక్కాను. ఇనుము చల్లగా కొరికింది. ఒక్కసారిగా మన పెరడు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు అత్త ముంచు వేస్తుంటే మనిద్దరం పెరట్లో నిలబడేవాళ్లం, తీసిన బట్ట పట్టుకోవడానికి. చలికాలంలో పాట ఎప్పటికీ అయ్యేది కాదు. కాళ్లు కొంకర్లుపోయేవి, నువ్వు 'ఇంకా ఒక చరణం ఉందిరా' అని ఏడ్చేదానివి. ఎండాకాలంలో ఇలా నిలబడితే అలా అయిపోయేది. చలి వల్ల మనకే అలా అనిపిస్తోందనుకున్నాం. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. కాదేమో అక్కా. చలికాలంలో పాట నిజంగానే పొడుగేమో. చల్లబడితే తొట్టి మందగిస్తుంది కదా, అత్త దానికి తగ్గట్టు సాగదీసి పాడేదేమో. నీ సోమవారం ఎండ కాసిందా? గురువారం గాలి వీచిందా?

గిన్నె మీద నిలబడే మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయింది. 'ఆ సవరణ చేయడానికి మా దగ్గర ఇరవైమంది ఉన్నారు, ఒక గది నిండా యంత్రాలున్నాయి. ఆవిడ పాడుతూ చేసిందా?' అంది. నేను అవునన్నాను. కింద లోయంతా కనిపిస్తోంది, పైన అంత పెద్ద ఆకాశం. ఇన్నాళ్లూ నోరు తెరుచుకుని ఆ ఆకాశాన్ని చూశాను. మన వంటింట్లో తిరిగే మనిషిని ఒక్కసారీ అలా చూడలేదు.

ఏ యాప్‌లోనూ ఆ పాట లేదక్కా. ఆ గడియారంలోనూ లేదు. అత్త చేతుల్లో ఉంది. గొంతు పోతే చేతులు పోవు. ఈ ఉత్తరం అత్తకి చూపించు.

తమ్ముడు

*

రంగుల షెడ్డు
మార్చి 14

తమ్ముడూ,

నీ ఉత్తరం అత్త చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. చదివింది. వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివింది. పలక మీద, 'నేను నెమ్మదిగా పాడేదాన్నా?' అని రాసింది. నిజంగా తెలియక అడుగుతోంది. అది తుడిచి కాసేపు ఆలోచించి, 'తొట్టి ఎలా పాడిస్తే అలా పాడాను' అని రాసింది.

సోమవారం ఎండ కాసిందిరా. గురువారం గాలి. శనివారం మళ్లీ చలి, ఆదివారం మధ్యాహ్నం చొక్కా తడిసేంత ఎండ. చలికి తొట్టి మొద్దుబారుతుందని నాకు తెలియక కాదు. ఎంత చలికి ఎంతసేపు అని ఎప్పుడూ ఆలోచించలేదు, పాట ఉంది కదా అని. పాట ఒకటే అనుకున్నాను. దాని లోపల అత్త కూర్చుని ఉందని నాకేం తెలుసు.

మర్నాడు పొద్దున నేను ఉతుకు బానల కింద పొయ్యి వెలిగిస్తుంటే షెడ్డు తలుపు చప్పుడైంది. అత్త వచ్చింది, జాకెట్టు చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఏమీ రాయలేదు, పలక కూడా తేలేదు. తొట్టి దగ్గరికొచ్చి రెండు చేతులూ మోచేతి దాకా దించింది. కళ్లు మూసుకుంది. దాదాపు నాలుగు నెలల తర్వాతరా.

ఆఖరి బట్ట దింపాను. అత్త ఎదురుగా, నేను ఇటుపక్క. నీళ్ల కింద తన చేతులు మడత విప్పడం మొదలుపెట్టాయి. నేను ఆ చేతుల్ని చూస్తూ పాట అందుకున్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, పక్కింటి కుక్క లేచి పారిపోయింది. రెండో పాదంలోనే తొందరపడ్డాను. నీళ్ల కింద నా మణికట్టు మీద టక్కున ఒక దెబ్బ పడింది. ఆగాను. చేతులు మళ్లీ కదిలాయి, వాటి వెంట పాడాను. పొద్దున్నే చలిగా ఉంది, ఎంత సాగదీశామంటే ఒక్కో మాటకి ఊపిరి చాలలేదు. ఎండెక్కే కొద్దీ చేతులు వేగం అందుకున్నాయి. నేను గమనించనంత మెల్లగా. నాలుగో ముంచులో నాకు తెలిసింది, పాడుతున్నది నేను కాదు. అత్త నా నోటితో పాడుతోంది. నాకు భయమేసింది, సంతోషమూ వేసింది, రెండూ ఒకటే అయిపోయాయి.

ఏడు ముంచులు రెండు రోజులు వేశాం. ప్రతిసారీ గిలక లాగితే బట్ట ఆకుపచ్చగా లేచింది, గాలి తగలగానే మన కళ్ల ముందే నీలమైంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఈసారి మొదటిసారి చూసినట్టు చూశాను. అత్త కూడా పని ఆపి చూసింది.

ఉతికి ఆరేశాం. మచ్చ లేదు. కలిసిందో లేదో మాత్రం నాటకశాల దీపాల కింద, మిగతా అయిదింటి పక్కన వేలాడితేనే తెలుస్తుంది. కుట్టేవాళ్లు తీసుకెళ్లారు.

నిన్న మూడు యాప్‌లూ తీసేశాను. చేప యాప్ ఊరికే పోనివ్వలేదు, 'ఎందుకు వెళ్లిపోతున్నారు? ఒక కారణం ఎంచుకోండి' అంది. పాటలు తక్కువ, ఖరీదు ఎక్కువ, వేరే యాప్ నచ్చింది, ఇతరములు. ఇతరములు నొక్కి, మా అత్త ఉంది అని రాశాను. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది.

నీ అక్క

*

గిన్నె కింద
మార్చి 23

అక్కా,

కలిసిందా? జీపు డ్రైవరుని రోజూ అడుగుతుంటే అతను నన్ను చూసి దారి మార్చుకుంటున్నాడు. మేడమ్ కూడా అడుగుతోంది. ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

*

నాటకశాల మెట్ల మీద
మార్చి 30

తమ్ముడూ,

ఇంటికెళ్లే దాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. కాగితం మేనేజరుది.

పొద్దున అత్తనీ నన్నూ పిలిపించారు. లోపల కుర్చీలన్నీ ఖాళీ. మేనేజరు, దీపాల మేస్త్రీ, మేమిద్దరం. తెర విప్పారు. అంత నీలం ఒక్కసారి కిందకి దిగేసరికి దీపాల మేస్త్రీ టోపీ తీసేశాడు. అతను ఎన్ని వందల సార్లు విప్పి ఉంటాడో ఆ తెర. మేనేజరు ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచాడు, వెనక్కి నడిచాడు. 'ఏది మార్చారమ్మా?' అన్నాడు. అతనికి కుడి నుంచి రెండోది అని తెలుసు, అయినా అడిగాడు. మఖమలు వద్దని అక్కడికక్కడే చెప్పేశాడు. తెర ఉంటుందిరా. నేను కూడా వెతికాను. నా చేత్తో ముంచిన బట్ట నాకే దొరకలేదు, కుట్లు లెక్కపెట్టుకుంటే గాని.

అత్తకి కమిలింది ఏ ముక్కో ఎవరూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. వేదిక పైకి ఎక్కి దగ్గరగా చూస్తానని సైగ చేసింది. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఒక్కో ముక్క దగ్గరా ఆగింది, అంచు వేళ్ల మధ్య పెట్టి నలిపింది, వెలుతురుకి పట్టి చూసింది. చాలాసేపు పట్టింది. మేనేజరు గొంతు సవరించుకోవడానికి కూడా భయపడ్డాడు. చివరికి ఎడమ నుంచి రెండో ముక్క దగ్గరికి తిరిగొచ్చి, ఇదే అని వేలు పెట్టింది. సంచిలోంచి పలక తీసి రాసి నా చేతిలో పెట్టింది.

'బాగా చేశావు. కింద అంచు దగ్గర కాస్త తొందరపడ్డావు. ఈసారి చూసుకో.'

చూశాను. నిజమే, వేలెడంత మేర నీలం కొంచెం పలచగా ఉంది. నలభై ఒక్క ఏళ్ల కిందట, తన ఇరవై మూడో ఏట, ఏ సాయంత్రమో తొందరపడిన అంచు అది. మేనేజరు నోరు తెరవబోయాడు. అతని కాలు తొక్కాను.

"సరే అత్తా, ఈసారి చూసుకుంటాను" అన్నాను.

ఏప్రిల్లో వస్తున్నావుగా, తెర చూడటానికి నిన్ను ఇద్దరం తీసుకొస్తాం. నోరు జారావంటే చంపేస్తాను.

నీ అక్క